ఒకే రిపోర్టు చూసి ఒక డాక్టర్ టైఫాయిడ్ అన్నారు, ఇంకో డాక్టర్ కాదంటున్నారు. అసలు ఏ జ్వరమో ఎలా తేలుస్తారు?

పత్తిచేను (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా అమ్మకి 52 ఏళ్లు, ఖమ్మం దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. జ్వరం వచ్చి ఈ రోజుతో ఏడు రోజులు. మొదటి మూడు రోజులు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే సూదులు వేయించుకుంది. సూది పడ్డాక కాసేపు చెమటలు పట్టి తగ్గేది, సాయంత్రానికి మళ్లీ చలితో వణుకుతూ వచ్చేది. నాలుగో రోజు మా చెల్లి టౌన్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే సీబీపీ, వైడాల్, డెంగ్యూ ఎన్‌ఎస్1, మలేరియా పరీక్షలు చేయించారు. ప్లేట్‌లెట్స్ 96 వేలు, తెల్ల కణాలు 5,200, డెంగ్యూ నెగెటివ్, మలేరియా నెగెటివ్. వైడాల్ మాత్రం ఓ 1:160, హెచ్ 1:80 అని రాసి కింద పాజిటివ్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. టైఫాయిడ్ అని చెప్పి రెండు పూటలా నరానికి ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మూడు రోజులు పూర్తయ్యాయి, నిన్న రాత్రి కూడా 103 ఉంది, తలనొప్పి తట్టుకోలేకపోతోంది, అన్నం చూస్తేనే వాంతి వస్తోందంటోంది.

నిన్న ఖమ్మంలో ఇంకో డాక్టర్‌కి చూపించాం. ఆయన అవే కాగితాలు చూసి, దీన్ని బట్టి టైఫాయిడ్ అని నేను చెప్పలేను అన్నారు. బ్లడ్ కల్చర్, డెంగ్యూ ఐజీఎం, స్క్రబ్ టైఫస్, లివర్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అన్నీ కొత్తగా రాశారు. డబ్బుల గురించి కాదు నా బాధ. పాజిటివ్ అని రిపోర్టులో స్పష్టంగా ఉంటే అది కాదని ఎలా అంటారు? ఇద్దరిలో ఎవరిని నమ్మాలి? డాక్టర్లు అసలు దేన్ని చూసి ఇది ఫలానా జ్వరం అని నిర్ణయిస్తారు? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.


స్లైడ్ చూసే మనిషి:

తమ్ముడూ, నేను 14 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. రోజూ వైడాల్ చేసే చేతులతోనే ఇది రాస్తున్నాను కాబట్టి నమ్ము. వైడాల్ పరీక్ష రక్తంలో టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమి మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చూస్తుంది, అంతే. ఓ, హెచ్ అనేవి ఆ క్రిమిలోని రెండు భాగాలు, 1:160 అంటే 160 రెట్లు పలుచన చేసినా ఆ యాంటీబాడీలు కనపడ్డాయని. అవి జ్వరం వచ్చిన వారం తర్వాతే సరిగ్గా పెరుగుతాయి. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన టైఫాయిడ్ వల్ల ఉండొచ్చు, టీకా వల్ల ఉండొచ్చు, వేరే జ్వరాల్లో కూడా పైకి రావచ్చు. మన దగ్గర తాగే నీళ్ల సంగతి తెలిసిందే, ఏ జ్వరమూ లేని మనిషి రక్తం తెచ్చి చేసినా కొందరిలో 1:80 కనిపిస్తుంది.

ఇంకో సంగతి. చాలా ల్యాబుల్లో చేసేది స్లైడ్ పద్ధతి. గాజు పలక మీద ఒక చుక్క సీరమ్ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం), ఒక చుక్క రీజెంట్ (చంపిన టైఫాయిడ్ క్రిములున్న ద్రవం) కలిపి ఊపితే గుచ్ఛాలు కడుతుంది, నిమిషంలో రిజల్ట్. ట్యూబ్ పద్ధతి అయితే సీరమ్‌ని పలుచన చేసుకుంటూ వరుసగా ట్యూబుల్లో వేసి గంటల తరబడి, చాలా చోట్ల రాత్రంతా, ఇంక్యుబేటర్లో ఉంచి చూడాలి. అంత ఓపిక ఇప్పుడు పేషెంట్‌కీ లేదు, ల్యాబుకీ లేదు. అసలు ఈ పరీక్షకి నిజమైన విలువ రెండుసార్లు చేస్తేనే. ఈ రోజు ఒకసారి, పది పద్నాలుగు రోజుల తర్వాత ఒకసారి చేసి, రెండోసారికి నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు టైఫాయిడ్ అనొచ్చు. జ్వరంతో మనిషి పడుకుని ఉంటే రెండు వారాలు ఎవరు ఆగుతారు, అందుకే ఒక్కసారి చేసి పాజిటివ్ అని కొట్టేస్తున్నారు. వైడాల్ అనే ఫ్రెంచ్ డాక్టర్ దీన్ని 1896లో కనిపెట్టాడు. ఇప్పటికీ మన సందుల్లో ఇదే తిరుగుతోందంటే కారణం చవకగా, వెంటనే అవుతుందని.

నాలుగో రోజున 1:160 అంటే నాకైతే అనుమానమే. రెండో డాక్టర్ రాసిన కల్చర్ చేయించు, అది రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష. పెద్దవాళ్లకి ఒక్కో సీసాకి 8 నుంచి 10 మిల్లీ లీటర్ల రక్తం పట్టాలి. రెండు మిల్లీలు తీసి పంపితే క్రిమి ఉన్నా దొరకదు, తీసేటప్పుడు నువ్వు పక్కనే ఉండి చూసుకో.


పల్నాడు కోడలు:

మీ పోస్టు చదివి రెండేళ్ల కిందటి మా ఇంటి సంగతి గుర్తొచ్చి రాస్తున్నాను. మా మరిదికి సరిగ్గా ఇలాగే అయింది. జ్వరం, విపరీతమైన తలనొప్పి, వైడాల్ పాజిటివ్, టైఫాయిడ్ ఇంజెక్షన్లు. తొమ్మిదో రోజుకి ఆయాసం మొదలై గుంటూరు తీసుకెళ్లాం. అక్కడ వార్డులో చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి బట్టలు పక్కకి జరిపించి చంకలు, నడుం, గజ్జలు అన్నీ టార్చ్ వేసి చూసింది. మాకు అప్పటికి అర్థం కాలేదు, జ్వరానికి ఇవన్నీ ఎందుకని. గజ్జలో పప్పుగింజంత నల్లటి పక్కు, చుట్టూ ఎర్రగా, సిగరెట్‌తో కాల్చినట్టు ఉంది. నొప్పి లేదు, దురద లేదు, అందుకే వాడు ఎవరికీ చెప్పలేదు. అది చూడగానే ఆవిడ స్క్రబ్ టైఫస్ అంది, పరీక్ష రిజల్ట్ రాకముందే మందు మొదలుపెట్టింది. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి వెళ్లడంతో మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు, ఆ తర్వాత కోలుకున్నాడు. అంతకు ముందు చూసిన ముగ్గురిలో ఒక్కరు కూడా చొక్కా విప్పమని అడగలేదు. ఆ తొమ్మిది రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

అన్నా, మీ అమ్మగారు పొలం పనికి వెళ్తారా? వెళ్తే మీ చెల్లెలితో ఒళ్లంతా చూడమని చెప్పండి. ఆడవాళ్లు రొమ్ముల కింద, లంగా నాడా కట్టుకునే చోట, చెవుల వెనక ఇలా ఏముందో సిగ్గుతో చెప్పరు. అసలు వాళ్లకే తెలియకపోవచ్చు కూడా.


వార్డు రౌండ్స్ (జనరల్ మెడిసిన్):

నేను జిల్లా స్థాయి ఆస్పత్రిలో పనిచేసే ఫిజీషియన్‌ని. ఇక్కడ కూర్చుని మీ అమ్మగారికి ఏ జబ్బో చెప్పలేను, చెప్పకూడదు. మీరు అడిగిన అసలు ప్రశ్నకి మాత్రం జవాబు రాస్తాను, ఎందుకంటే ఓపీలో ఒక్కొక్కరికి ఇంతసేపు చెప్పే టైమ్ మాకు దొరకదు, ఆ లోటు మాదే.

రిపోర్టు వచ్చాక ఆలోచించడం మొదలుపెడితే పొరపాటు పడతాం. రిపోర్టు రాకముందే ఈ మనిషికి ఏ జబ్బు ఉండే అవకాశం ఎంత అని ఒక అంచనా ఉండాలి. ఒక లెక్క చెప్తాను, అంకెలు కేవలం అర్థం కావడానికి అనుకున్నవి. జ్వరంతో వంద మంది వచ్చారు, వాళ్లలో పది మందికే నిజంగా టైఫాయిడ్ ఉంది. పరీక్ష ఆ పదిలో ఏడుగురిని పట్టుకుంది. టైఫాయిడ్ లేని 90 మందిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి పొరపాటుగా పాజిటివ్ చూపించింది, అంటే 18 మంది. మొత్తం పాజిటివ్ వచ్చినవాళ్లు 25 మంది, అందులో నిజంగా టైఫాయిడ్ ఉన్నది ఏడుగురికే. మిగతా 18 మంది ఇంట్లోవాళ్లు మీలాగే కాగితం చూపించి పాజిటివ్ ఉంది కదా సార్ అని అడుగుతారు. కాగితం అబద్ధం చెప్పలేదు, కానీ దాన్ని చదివే ముందు ఈ లెక్క మనసులో ఉండాలి.

ఆ అంచనా ఎక్కడి నుంచి వస్తుందంటే మాటల నుంచి, చేతి నుంచి. జ్వరం ఏ రోజు మొదలైంది, చలితో వచ్చిందా, దగ్గు ఉందా, మూత్రంలో మంట ఉందా, ఎక్కడి నీళ్లు తాగుతున్నారు, ఏ పని చేస్తారు, ఈ రెండు వారాల్లో ఏ ఊరు వెళ్లొచ్చారు, ఇంట్లో, వాడకట్టులో ఇంకెవరికైనా ఉందా. అరకు, పాడేరు వైపు వెళ్లొచ్చాను అంటే మలేరియా పైకి వస్తుంది. నాట్లు వేస్తూ బురదలో కాళ్లు పెట్టాను, కళ్లు ఎర్రబడ్డాయి, పిక్కలు ముట్టుకోనివ్వట్లేదు అంటే ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ గుర్తొస్తుంది. గట్ల మీద గడ్డిలో, పత్తి చేలో, పొదల పక్కన పనిచేశారు, వర్షాలు వెనక్కి తగ్గి చలి మొదలవుతోంది అంటే స్క్రబ్ టైఫస్. అది నల్లిని పోలిన కంటికి కనపడని పురుగు పిల్ల కుడితే వస్తుంది, కుట్టిన పది పన్నెండు రోజులకి జ్వరం మొదలవుతుంది, అందుకే కుట్టిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. తర్వాత మంచం మీద పడుకోబెట్టి ప్లీహం పెరిగిందా, ఊపిరితిత్తుల్లో శబ్దం ఉందా, గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కట్టాయా, పైన చెల్లెమ్మ చెప్పిన నల్ల పక్కు ఉందా అని చూడాలి. ఈ పది నిమిషాల పని వదిలేసి నేరుగా జ్వరం ప్యాకేజీ రాసేయడం చాలా చోట్ల జరుగుతోంది, మావాళ్లే రాస్తున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

ఇక ఏ పరీక్షకైనా సరైన రోజు ఒకటి ఉంటుంది. డెంగ్యూ ఎన్‌ఎస్1 అంటే వైరస్‌లోని ఒక ప్రోటీన్, అది మొదటి నాలుగైదు రోజుల్లో బాగా దొరుకుతుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది, అప్పుడు ఐజీఎం, అంటే జబ్బు మీద శరీరం ముందుగా తయారుచేసే యాంటీబాడీ, చూడాలి. అదే ఐజీఎం రెండో రోజు చేస్తే నెగెటివ్ వస్తుంది, జబ్బు ఉన్నా. స్క్రబ్ టైఫస్ ఐజీఎం కూడా వారం దగ్గర పడితేనే నమ్మకంగా చూపిస్తుంది. టైఫాయిడ్‌కి మొదటి వారంలో, యాంటీబయాటిక్ పడకముందు తీసిన బ్లడ్ కల్చర్ అన్నిటికన్నా గట్టి ఆధారం, అయినా నిజంగా టైఫాయిడ్ ఉన్న వందమందిలో సుమారు 60 మందిలోనే క్రిమి పెరుగుతుంది. మీ అమ్మగారికి ఇప్పటికే మూడు రోజుల ఇంజెక్షన్లు పడ్డాయి కాబట్టి కల్చర్‌లో ఏమీ రాకపోయినా టైఫాయిడ్ కాదని ప్రమాణం చేసి చెప్పలేం. పెరిగితే మాత్రం ఏ మందు పనిచేస్తుందో కూడా తెలుస్తుంది, అందుకే చేయించడం మంచిదే.

మూడు రోజులైనా జ్వరం తగ్గలేదు కాబట్టి టైఫాయిడ్ కాదు అని కూడా అనుకోకండి. సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టడం మామూలే. రెండో డాక్టర్ చేసింది మొదటి ఆయనని తప్పు పట్టడం కాదు, దారి మూసేయకుండా తెరిచి ఉంచడం. నేనైనా ఇంచుమించు అవే రాసేవాణ్ని.

ఆర్‌ఎంపీ దగ్గర వేసిన సూదులేంటో దయచేసి కనుక్కోండి, ఖాళీ సీసా ఉంటే ఫొటో తీసి ఆ డాక్టర్‌కి చూపించండి. అందులో స్టెరాయిడ్ ఉంటే జ్వరం తీరే మారిపోతుంది, మేం తప్పుదారి పడతాం.


పత్తిచేను:

అందరికీ చేతులెత్తి దండం. అమ్మ పత్తి ఏరడానికి నెలంతా వెళ్లింది, ఈ విషయం ఇప్పటివరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. చెల్లి రాత్రి ఒళ్లంతా చూసింది, పక్కు లాంటిది ఏమీ కనిపించలేదు. అంటే స్క్రబ్ కాదనే అనుకోవచ్చా సార్? ఇంకోటి, ప్లేట్‌లెట్స్ 96 వేలు అనేసరికి మా బంధువులంతా డెంగ్యూనే, బొప్పాయి ఆకు రసం తాగించండి, ప్లేట్‌లెట్స్ ఎక్కించే ఆస్పత్రికి మార్చండి అని ఒకటే ఫోన్లు.


వార్డు రౌండ్స్:

అనుకోకూడదు. పక్కు అందరికీ ఉండదు, ఉన్నా మన ఒంటి రంగు మీద తేలిగ్గా కనపడదు. ఉంటే బలమైన ఆధారం, లేకపోతే ఏమీ తేలనట్టే.

ప్లేట్‌లెట్స్ డెంగ్యూలోనే కాదు, మలేరియాలో, స్క్రబ్ టైఫస్‌లో, లెప్టోలో, మామూలు వైరల్ జ్వరాల్లో కూడా పడతాయి. 96 వేల దగ్గర రక్తస్రావం లేకపోతే ఎక్కించాల్సిన పని లేదు. రసాల మీద ఆశ పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేయకండి, వాంతులు ఉన్న మనిషికి ఆ చేదు అసలే వద్దు. డెంగ్యూలో మేం ప్లేట్‌లెట్స్ కన్నా జాగ్రత్తగా చూసేది పీసీవీ, అంటే రక్తం చిక్కబడుతోందా అని. రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోతే అది పెరుగుతుంది. ఆ ప్రమాదం జ్వరం తగ్గే రోజుల్లోనే ఎక్కువ, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునే సమయంలో. కడుపులో ఆగని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా ఉండటం లేదా కుదురు లేకుండా కొట్టుకోవడం, ఇవి డెంగ్యూలో ముందుగా వచ్చే హెచ్చరికలు. ఆయాసం, మాట తడబడటం, మూత్రం తగ్గిపోవడం ఏ జ్వరంలో కనిపించినా రిపోర్టుల కోసం ఎదురుచూడకుండా తీసుకెళ్లి అడ్మిట్ చేయండి. ఏడు రోజుల జ్వరం, వాంతులు, తిండి లేదు అంటున్నారు, నా అభిప్రాయంలో ఇప్పుడే చేర్చడం మేలు. డెంగ్యూని తేల్చే ఎలైజా అనే రక్త పరీక్ష ప్రభుత్వ ల్యాబుల్లో ఉచితంగా చేస్తారు, పెద్దాసుపత్రిలో అడగండి.

జ్వరానికి పారాసిటమాల్ తప్ప నొప్పుల సూదులు వేయించవద్దు. డెంగ్యూ కాదని తేలేదాకా అవి ప్రమాదం.


స్లైడ్ చూసే మనిషి:

సార్ చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. మలేరియా కూడా రాపిడ్ కార్డుతో ఆపేయకండి, స్మియర్ (రక్తపు చుక్కని స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం) కూడా చేయించండి, వీలైతే చలి వచ్చినప్పుడు, రెండు మూడు సార్లు. పరాన్నజీవి రక్తంలో తక్కువగా ఉన్నప్పుడు ఒక స్లైడ్‌లో తప్పించుకుంటుంది. రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది ఒక మైక్రోస్కోప్‌తోనే, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు. నా మట్టుకు నేను స్మియర్‌కి కనీసం పది నిమిషాలు కేటాయిస్తాను, నెగెటివ్ అని రాసే ముందు చాలా సేపు వెతకాలి.


డల్లాస్ నుంచి:

మేం నిరుడు గుంటూరు వచ్చి వెళ్లాక మా అబ్బాయికి ఇక్కడ జ్వరం వచ్చింది. ఎమర్జెన్సీలో డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్నే ఏ దేశం వెళ్లొచ్చారు, ఎన్ని రోజులైంది, అక్కడ ఏం తిన్నారు అని. వైడాల్ మాటే ఎత్తలేదు. రెండు చేతుల నుంచీ కల్చర్‌కి రక్తం తీశారు, మలేరియా స్మియర్ చేశారు, మూడో రోజు కల్చర్‌లో టైఫాయిడ్ క్రిమి పెరిగింది అని ఫోన్ చేశారు. ఆ మూడు రోజులు ఏ జబ్బో తెలియకుండా గడపడం చాలా కష్టమైంది, కానీ తెలిశాక ఏ మందు అన్నది సందేహం లేకుండా పోయింది. ఇండియా వెళ్లొచ్చిన నెల రెండు నెలల్లో పిల్లలకి జ్వరం వస్తే ఆ ప్రయాణం సంగతి వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.


పత్తిచేను (ఐదు రోజుల తర్వాత):

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఆస్పత్రిలోనే ఉన్నాను. ఆ రోజు సార్ రాసింది చదివి రాత్రికి రాత్రి బయల్దేరి వెళ్లి అమ్మని ఖమ్మంలో చేర్చాం. సూదుల సంగతి కనుక్కుంటే నొప్పిది ఒకటి, స్టెరాయిడ్ ఒకటి అని తేలింది. అక్కడ డాక్టర్ కూడా మళ్లీ మొదటి నుంచి అన్నీ అడిగారు, పత్తి చేను అనగానే తలూపారు. స్క్రబ్ టైఫస్ రిజల్ట్ మర్నాడు వస్తుందని తెలిసీ ఆగకుండా ఆ రాత్రే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, టైఫాయిడ్ ఇంజెక్షన్ కూడా కల్చర్ వచ్చేదాకా ఆపలేదు. రెండో రోజు సాయంత్రం మొదటిసారి అమ్మకి చలి రాలేదు. ఆ రాత్రి మేమిద్దరం గంటకోసారి ఒళ్లు ముట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

స్క్రబ్ ఐజీఎం పాజిటివ్, డెంగ్యూ ఐజీఎం నెగెటివ్, మలేరియా స్మియర్ రెండుసార్లు నెగెటివ్, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. లివర్ ఎంజైములు కొంచెం ఎక్కువున్నాయి. ఒళ్లంతా ఇంకోసారి నర్సమ్మ చూసినా పక్కు దొరకలేదు. నేను డాక్టర్‌ని సూటిగానే అడిగాను, అయితే టైఫాయిడ్ అసలు లేనట్టేనా అని. ఇంజెక్షన్ల తర్వాత తీసిన కల్చర్ కాబట్టి నూటికి నూరు శాతం అనలేను, కానీ చేను, ఈ కాలం, ఐజీఎం, రెండు రోజుల్లో జ్వరం వదలడం నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి అన్నారు. ఆ మాట అంత నిజాయితీగా చెప్పినందుకే నాకు ధైర్యం వచ్చింది. ప్లేట్‌లెట్స్ వాటంతట అవే లక్షా 40 వేలకి వచ్చాయి.

పల్నాడు అక్కా, మీరు పొలం పని గురించి అడగకపోతే మేం ఆ మాట డాక్టర్‌కి చెప్పి ఉండేవాళ్లం కాదు. మా చేలోనే అమ్మతో పాటు పత్తి ఏరిన ఇంకో ఇద్దరికి నాలుగు రోజుల నుంచి జ్వరమట, ఒకామెకి అప్పుడే వైడాల్ చేయించారట. మా ఊరి ఆశా వర్కర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను, రేపు పొద్దున ఇద్దరినీ పీహెచ్‌సీకి తీసుకెళ్తానంది.